బొంగురుపోని యాంప్ కోసం

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. పాత ట్యూబు యాంప్లిఫయర్ల విషయంలో స్టీల్ గిటార్ వాయించేవాళ్లది ఉలిపికట్టె దారే. మామూలు ఎలక్ట్రిక్ గిటార్ వాళ్లు పాత యాంప్ ఇంటికి తెచ్చుకోగానే అది తొందరగా బొంగురుపోయేలా ఏం చేయాలా అని చూస్తారు. వాల్యూమ్ సగం తిప్పేసరికి ట్యూబులు తట్టుకోలేక గరగరలాడాలి, వాళ్లకి అదే రుచి. యాంప్‌ల మార్పుల మీద వచ్చిన సలహాల్లో ఎక్కువ భాగం ఆ రుచి కోసం పుట్టినవే. పెడల్ స్టీల్ వాయించే మనిషి వాటిని నమ్మి సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే, మంచి యాంప్‌ని చేతులారా పాడుచేసుకున్నట్టే. అందుకని ఈ అధ్యాయంలో చాలా మాటలు మీ గిటార్ మిత్రులు చెప్పినదానికి తలకిందులుగా ఉంటాయి. కంగారు పడకండి.

కారణం వాయిద్యంలోనే ఉంది. పెడల్ స్టీల్‌లో ఎడమచేతి ఉక్కు కడ్డీ తీగల మీద జారుతుంటే, కుడికాలు వాల్యూమ్ పెడల్ మీద ఉంటుంది. తీగ మీటిన క్షణంలో వచ్చే దెబ్బ పెద్దది. అప్పుడు పెడల్‌ని సగం మూసి ఉంచి, నాదం సన్నబడుతున్నకొద్దీ తెరుస్తూ పోతారు. ఆ కార్వై అంతసేపు ఒకే నిండుతో నిలవడం వెనక ఉన్న కిటుకు అదే. పెడల్ తెరిచిన ప్రతిసారీ యాంప్ దగ్గర ఇంకా ఇవ్వడానికి బలం మిగిలి ఉండాలి. అది లేకపోతే, పెడల్ తెరిచినా శబ్దం పెరగదు, గరుకవుతుంది. ఇంకో సంగతి. రెండు మూడు తీగలు కలిపి మీటి, అందులో ఒక్కదాన్నే కాలి పెడల్‌తో పై స్వరానికి లాగడం ఈ వాయిద్యానికి ప్రాణం. యాంప్ బొంగురుపోయిందంటే, మోగుతున్న స్వరాల మొత్తాలూ తేడాలూ కొత్త స్వరాలుగా పుట్టుకొస్తాయి. అవి మీరు మీటినవి కావు, మీ శ్రుతిలోనూ ఉండవు. ఎంత శ్రద్ధగా లాగిన గమకమైనా అప్పుడు అపశ్రుతిలాగే వినబడుతుంది. దానికి తోడు సీ6 శ్రుతిలో అడుగు తీగ సుమారు 65 హెర్ట్జ్‌కి దిగుతుంది. మామూలు గిటార్ మందపు తీగ 82 దగ్గరే ఆగిపోతుంది.

మన దగ్గర వ్యాన్ షిప్లీ, సునీల్ గంగూలీ వాయించిన సినిమా బాణీల రికార్డులు విన్న తరానికి స్టీల్ గిటార్ అంటే హవాయియన్ గిటారే. పెడళ్లు లేనిది, ఒళ్లో పెట్టుకునే రకం. నిజానికి ఎలక్ట్రిక్ గిటార్ కథ మొదలైంది కూడా దానితోనే. 1932లో రికెన్‌బ్యాకర్ తెచ్చిన ‘ఫ్రయింగ్ పాన్’ స్టీల్ గిటారే. 1945లో లియో ఫెండర్, డాక్ కాఫ్‌మన్ కలిసి ‘కె అండ్ ఎఫ్’ పేరుతో అమ్మినవి కూడా స్టీల్ గిటార్లు, వాటికి జతగా చిన్న యాంప్‌లు. అంటే ఈరోజు గిటార్ వాళ్లు కళ్లకద్దుకునే ఫెండర్ యాంప్‌ల వంశానికి మూలపురుషుడు స్టీల్ గిటార్ కోసం పుట్టినవాడే. తరువాత 1954లో వెబ్ పియర్స్ పాట ‘స్లోలీ’లో బడ్ ఐజాక్స్ పెడల్‌తో స్వరాన్ని లాగడం అందరూ విన్నారు. ఆ తరువాత నాష్‌విల్‌లో పెడల్ లేని స్టీల్‌కి గిరాకీ పడిపోయింది. శుభ్రమైన బలం ఉన్న పెట్టెల అవసరం అప్పుడే పెరిగింది. కాలిఫోర్నియాలో స్పీడీ వెస్ట్ వాడిన స్టాండెల్ యాంప్‌లో 15 అంగుళాల జేబీఎల్ స్పీకర్ ఉండేది. 1963లో ఫెండర్ ట్విన్ రివర్బ్ వచ్చింది. ఈ అధ్యాయం ప్రధానంగా దాని చుట్టూ, దాని అన్నదమ్ముల చుట్టూ తిరుగుతుంది.

ముందు కొనడం గురించి. ఇక్కడ ఉలిపికట్టెకి లాభం కూడా ఉంది. ట్విన్ రివర్బ్‌లో 1967 దాకా వచ్చిన నల్ల ముఖం యాంప్‌లకి గిటార్ లోకంలో పెద్ద ధర. 1968 నుంచి వచ్చిన వెండి ముఖం వాటిని ‘మరీ శుభ్రంగా ఉంటాయి, ప్రాణం లేదు’ అని గిటార్ వాళ్లు పక్కన పెడతారు. 1970ల చివర్లో వచ్చిన 135 వాట్ల ట్విన్‌నైతే మరీ చిన్నచూపు చూస్తారు. మనకు కావలసింది సరిగ్గా ఆ శుభ్రమే. కాబట్టి తక్కువ ధరకి దొరికే ఆ 135 వాట్ల పెట్టె దగ్గర మొహమాటపడకుండా ఆగండి. వెండి ముఖం యాంప్‌ని తెచ్చి, లోపలి భాగాలు మార్చి నల్ల ముఖం సర్క్యూట్‌కి తిప్పడం ఒక పెద్ద ఆనవాయితీ. స్టీల్ వాయించేవాళ్లకి ఆ ఖర్చు చాలావరకు దండగని నా అభిప్రాయం. డీలక్స్ రివర్బ్ లాంటి 22 వాట్ల చిన్న యాంప్ ఇంట్లో సాధనకి ముద్దుగా ఉంటుంది కానీ, పక్కన డ్రమ్స్ మొదలవగానే చేతులెత్తేస్తుంది. అందులో 6వీ6 ట్యూబులు తీసి 6ఎల్6 పెడితే బలం పెరుగుతుందని ఎవరైనా చెబితే వినకండి. 6వీ6 ఫిలమెంట్ 0.45 ఆంపియర్లు తాగితే 6ఎల్6 ది 0.9. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆ బరువు మోయలేక వేడెక్కుతుంది.

ఇప్పుడు అసలు పని. మార్పులకంటే ముందు మరమ్మతు. పాత యాంప్‌లో ‘నాకు నచ్చని టోన్’ అని మనం అనుకునేదాంట్లో సగం వయసు తెచ్చిన రోగమే. దాన్ని నయం చేయకుండా మార్పులు మొదలుపెడితే, ఏది మార్పు వల్ల వచ్చిందో, ఏది రోగం వల్ల వచ్చిందో ఎప్పటికీ తేలదు.

ఇక్కడ ఒక్క హెచ్చరిక చేసి మిగతాది మీ ఇంగితానికి వదిలేస్తాను. ట్విన్ లోపల 460 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో అది నిలవ ఉంటుంది, మనిషిని చంపగలదు. కవర్ తీశాక ఆ కెపాసిటర్లను తగిన రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మల్టీమీటర్‌తో సున్నాకి దగ్గరగా వచ్చిందని చూసుకున్నాకే వేలు పెట్టాలి. ఈ వాక్యంలో ఏ ముక్క కొత్తగా అనిపించినా, యాంప్‌ని తెలిసిన టెక్నీషియన్‌కి ఇవ్వండి. ఏం చేయాలో ఆయనకి చెప్పడానికైనా ఈ అధ్యాయం పనికొస్తుంది.

టెక్నీషియన్‌తో మొదట చేయించేది వైరు. పాత ఫెండర్‌లకి రెండు పిన్నుల వైరు, వెనక ఒక గ్రౌండ్ స్విచ్, ఆ స్విచ్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఒక 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటాయి. ఆ కెపాసిటర్ షార్ట్ అయితే కరెంటు నేరుగా మీ తీగల్లోకి వస్తుంది. ఉక్కు కడ్డీ చేత్తో పట్టుకుని తీగల మీద ఆనించి వాయించే మనకి ఇది చిన్న సంగతి కాదు. ఆ కెపాసిటర్ తీసేయించి, ఎర్తు ఉన్న మూడు పిన్నుల వైరు వేయించండి. ‘అసలుతనం పోతుంది’ అని ఇక్కడ మాత్రం వెనకాడకండి.

తరువాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. యాభై అరవై ఏళ్ల నాటివి ఇంకా లోపలే ఉంటే అవి ఎండిపోయి ఉంటాయి. మంద్రం మెత్తబడి, ఊగుతున్నట్టు వినబడటానికి మొదటి కారణం ఇవే. ట్విన్‌లో మొదటి ఫిల్టర్‌గా 70 మైక్రోఫారడ్‌లవి రెండు వరసగా కలిపి ఉంటాయి, కలిసి 35 పనిచేస్తాయి. వాటి స్థానంలో 100 వి రెండు వేయిస్తే 50 అవుతుంది. అడుగు తీగలు గట్టిపడతాయి. ట్విన్‌లో రెక్టిఫయర్ సిలికాన్ డయోడ్లు కాబట్టి ఇది నిశ్చింతగా చేయవచ్చు. ట్యూబు రెక్టిఫయర్ ఉన్న యాంప్‌లలో మాత్రం హద్దు దాటకూడదు. జీజెడ్34 ట్యూబుకి మొదటి కెపాసిటర్ 60 మైక్రోఫారడ్‌లు మించకూడదని తయారీదారులే చెప్పారు. అలాగే, హిస్సుమనే పాత కార్బన్ ప్లేట్ రెసిస్టర్లు తీసి, మెటల్ ఫిల్మ్‌వి వేయించడం మనకి మరీ మేలు. గిటార్ వాళ్లు ఎప్పుడూ మోగిస్తూనే ఉంటారు కాబట్టి ఆ బుస వాళ్లకి వినబడదు. మనం రెండు పదబంధాల మధ్య పెడల్ మూస్తాం. ఆ నిశ్శబ్దంలో యాంప్ బుస ఒక్కటే మిగులుతుంది.

చివరగా బయాస్. 460 వోల్టుల దగ్గర 6ఎల్6జీసీకి ఒక్కో ట్యూబుకి 45 మిల్లీఆంపియర్ల దాకా పెట్టవచ్చని గిటార్ వాళ్ల లెక్క. అది ట్యూబు తట్టుకునే 30 వాట్లలో 70 శాతం. మనం 35 నుంచి 39 మధ్య ఆగినా శుభ్రతకి లోటు రాదు, ట్యూబులు ఎక్కువకాలం బతుకుతాయి. అంతకన్నా చల్లగా దించకండి. చల్లని బయాస్ దోషం పెద్ద శబ్దంలో తెలియదు, సన్నబడే నాదం తోకలో చిన్న గరుకుగా బయటపడుతుంది. స్టీల్ గిటార్ బతికేదే ఆ తోక మీద.

ఇంతవరకూ అయ్యాక యాంప్‌ని మూసి, కొన్నాళ్లు వాయించండి. చాలామందికి ఇక్కడితో పని అయిపోతుంది.

అవకపోతే, సోల్డరింగ్ లేకుండా వెనక్కి తిప్పుకోగల మార్పులతో మొదలుపెట్టాలి. పెడల్ స్టీల్ పికప్‌లు మామూలు గిటార్ పికప్‌ల కన్నా బలమైనవి, మొదటి ట్యూబునే ఉక్కిరిబిక్కిరి చేస్తాయి. రెండో ఇన్‌పుట్ జాక్‌లో పెట్టి చూడండి, బలం సగానికి తగ్గుతుంది. ఆ జాక్ పికప్ మీద బరువు కూడా ఎక్కువ వేస్తుంది కాబట్టి పై స్థాయి మెరుపు కొంచెం పోతుంది. ఆ పోయింది నచ్చకపోతే మొదటి జాక్‌కే వచ్చి, మొదటి స్థానంలోని 12ఏఎక్స్7 ట్యూబుని 5751తో మార్చండి. మొదటిదాని ఆంప్లిఫికేషన్ 100 అయితే రెండోదానిది 70. ఇంకా తగ్గాలంటే 12ఏవై7 ఉంది, దానిది సుమారు 44. సాకెట్లో ఒక ట్యూబు తీసి ఇంకొకటి పెట్టడమే. నచ్చకపోతే ఐదు నిమిషాల్లో పాతది పెట్టేసుకోవచ్చు. గిటార్ వాళ్లు ‘చచ్చుబడింది’ అనే ఆ శబ్దమే మనకి కావలసిన హెడ్‌రూమ్.

ఇక స్పీకర్. నా మాట నమ్మితే, లోపల ఎన్ని కెపాసిటర్లు మార్చినా స్పీకర్ తెచ్చేంత తేడా రాదు. మామూలు గిటార్ స్పీకర్ కాగితం రెండు మూడు వేల హెర్ట్జ్‌ల దగ్గర తనే వణికి ఒక రంగు వేస్తుంది. గిటార్ వాళ్లకి ఆ రంగే కావాలి. స్టీల్ గిటార్ పై తీగలు పదిహేనో మెట్టు దాటాక అదే రంగు చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది. జేబీఎల్ డీ130ఎఫ్ స్టీల్ వాళ్లకి ఆరాధ్యం కావడానికి కారణం దాని నిర్మాణం. 15 అంగుళాల కోన్, 4 అంగుళాల వాయిస్ కాయిల్, మధ్యలో అల్యూమినియం బుడిపె. మంద్రం నిండుగా, తారస్థాయి గాజులా తేటగా వస్తాయి. ట్విన్‌లో అదే వంశానికి చెందిన 12 అంగుళాల డీ120ఎఫ్‌లు రెండు ఉన్న పెట్టె దొరికితే అదృష్టమే. ఫెండర్ తానే 1970లలో ట్విన్ సర్క్యూట్‌కి 15 అంగుళాల స్పీకర్ ఒక్కటి జోడించి ‘వైబ్రోసోనిక్ రివర్బ్’ అని అమ్మింది.

కొత్తగా కొనేవాళ్లకి ఎమినెన్స్ ఈపీఎస్-15సీ, పీవీ బ్లాక్ విడో రకాలు ఉన్నాయి, రెండూ స్టీల్ వాళ్లు వాడేవే. కొనేటప్పుడు ఓమ్‌లు చూడండి. ట్విన్ ట్రాన్స్‌ఫార్మర్ 4 ఓమ్‌ల కోసం చుట్టింది, 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే వచ్చే లెక్క అది. 15 అంగుళాలది ఒక్కటే పెడుతున్నప్పుడు అది 4 ఓమ్‌లదే అయి ఉండాలి. పాత చెక్క పలకకి కొత్త రంధ్రం కోయకండి. పాత పలక తీసి దాచి, కొత్త పలక చేయించండి. బరువు సంగతి కూడా ఆలోచించండి. ట్విన్ ఇప్పటికే 29 కిలోల పెట్టె, దాన్నీ స్టీల్ గిటార్‌నీ ఇద్దరు మోయాలి. యాంప్ భాగాన్ని ఒక పెట్టెలో, స్పీకర్‌ని వేరే పెట్టెలో పెట్టుకుంటే నడుము దక్కుతుంది.

స్పీకర్ కుదిరాక కూడా మిగిలిన లోపాలకే సోల్డరింగ్ ఐరన్. వాల్యూమ్ మీద 120 పికోఫారడ్‌ల బ్రైట్ కెపాసిటర్ ఉంటుంది, ట్విన్‌లో దానికి స్విచ్ ఉంది. స్విచ్ ఆపేయడంతో సరి. స్విచ్ లేని యాంప్‌లలో ఆ కెపాసిటర్ కాలు ఒకటి విడదీస్తే చాలు, తీసిపారేయనక్కర్లేదు. ముక్కుతో పాడినట్టుండే మధ్యస్థాయి ఇంకో సమస్య. ట్రాన్సిస్టర్ యాంప్‌లలో పీవీ నాష్‌విల్ 400 వాడేవాళ్లు 800 హెర్ట్జ్ చుట్టూ తగ్గించుకోవడం రివాజు. ఫెండర్ టోన్ సర్క్యూట్ కూడా మధ్యలో లోయ తవ్వుతుంది కానీ, అది 400 ప్రాంతంలో ఉంటుంది. మిడ్ కంట్రోల్‌కి వెళ్లే 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని 0.033 చేస్తే ఆ లోయ కొంచెం పైకి జరుగుతుంది. 0.022 చేస్తే ఇంకొంచెం. మొదట 0.033తో ఆగి వినండి.

సీ6 వాయించేవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఫేజ్ ఇన్వర్టర్ ముందున్న 0.001 మైక్రోఫారడ్ కెపాసిటర్ గురించి. అది చిన్నది కాబట్టి అడుగు స్వరాల్ని కొంత ఆపేస్తుంది. దాన్ని 0.01 చేస్తే అడుగు తీగలకి ఒళ్లు వస్తుంది. ఈ9 మాత్రమే వాయించేవాళ్లకి దీనివల్ల పెద్ద లాభం లేదు. పైగా బేస్ గిటార్‌తో తగాదా మొదలవుతుంది. రివర్బ్ మరీ ఉరుముతుంటే, దాన్ని నడిపే 12ఏటీ7 ట్యూబు తీసి 12ఏయూ7 పెట్టండి. అప్పటికీ మంద్రం స్ప్రింగుల్లో గజిబిజి అవుతుంటే, ఆ ట్యూబుకి ముందున్న 500 పికోఫారడ్ కెపాసిటర్‌ని 250కి దించాలి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ వైరు తెంపమని గిటార్ వాళ్లు చెబుతారు, యాంప్ ‘తెరుచుకుంటుంది’ అని. ఆ ఫీడ్‌బ్యాకే బొంగురుని అదుపులో పెట్టేది, దాని జోలికి పోవద్దు. ట్రెమొలో నాబ్ తీగ విడదీసి గెయిన్ పెంచుకోవడం ఇంకొకటి. గెయిన్ తగ్గించుకోవడానికి ట్యూబులు మార్చుకున్నవాళ్లం, మనకెందుకు?

ఒళ్లో పెట్టుకునే స్టీల్ వాయించేవాళ్లు ఇందులో సగం మర్చిపోవచ్చు. డేవిడ్ లిండ్లీ లాగా గరగరలాడే ల్యాప్ స్టీల్ కావాలనుకుంటే 1950ల నాటి చిన్న ఫెండర్ చాంప్‌నే మరమ్మతు చేయించుకుని, ఏ మార్పూ లేకుండా వాడుకోండి. చర్చిల్లో పుట్టిన శాక్రెడ్ స్టీల్ సంప్రదాయంలో, రాబర్ట్ రాండాల్ఫ్ లాంటివాళ్ల చేతిలో పెడల్ స్టీల్ కూడా బొంగురుగా అరుస్తుంది. అది తెలిసి కోరుకున్న అరుపు. ఆ దారి పట్టినవాళ్లకి పై సలహాలు అడ్డం.

అమెరికాలో కొన్న యాంప్‌ని హైదరాబాదుకో విజయవాడకో తెచ్చుకునేవాళ్లకి ఇంకో పని ఉంటుంది. పెట్టె వెనక 117 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది, మన గోడలో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్విన్‌కి కనీసం 500 వోల్ట్-ఆంపియర్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, చుట్లు విడివిడిగా ఉన్న రకం. ఎర్తు దాని గుండా యాంప్ దాకా చేరుతోందో లేదో మల్టీమీటర్‌తో చూసుకోండి. చాలావాటికి బయటి సాకెట్ రెండు రంధ్రాలదే ఉంటుంది, అప్పుడు అమెరికాలో వేయించిన మూడు పిన్నుల వైరు వృథా అయినట్టే. స్టెప్‌డౌన్ 120 ఇచ్చే బదులు 110 ఇస్తే మంచిదే. 60 కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ 50 దగ్గర ఎక్కువ వేడెక్కుతుంది, వోల్టేజీ తగ్గితే ఆ బాధ కొంత తగ్గుతుంది. ఒక గంట వాయించి, స్విచ్ ఆపి ప్లగ్గు పీకాక, ట్రాన్స్‌ఫార్మర్ కవర్ మీద చెయ్యి ఆనించి చూడండి. రెండు క్షణాలు కూడా ఉంచలేకపోతే, ఎగుమతి కోసం చుట్టే 230 వోల్టుల, 50 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించి మార్పించండి. తీసిన పాతదాన్ని గుడ్డలో చుట్టి, పాత స్పీకర్ పలకతో, పాత ట్యూబులతో కలిపి అటక మీద పెట్టండి. యాంప్ అమ్మాల్సి వస్తే కొనేవాడు మొదట అడిగేది వాటినే.